తొమ్మిదో రీలు తగువు

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు సుమయాతో తగువు పెట్టుకోవాలని రిజ్వాన్ శుక్రవారం సాయంత్రమే నిర్ణయించుకున్నాడు. తగువు పది నిమిషాలు. తర్వాత మధ్యాహ్నం దాకా మౌనం. ఒంటిగంట బండికి తెనాలిలో ఎక్కి బాపట్లలో దిగి, స్టేషను బయట రెండు మూరల మల్లెపూలు కొని, మూడింటికల్లా రాజీ పడిపోవాలి. సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చి కొట్టు తెరవాలి, ఎవరిదో ఫోను స్పీకరు బాగుచేసి ఇస్తానని మాటిచ్చాడు. ఇదంతా వేళలతో సహా ఒక పాత కవరు వెనకాల రాసుకున్నాడు.

రిజ్వాన్‌కి ఇరవై ఏడేళ్లు. తెనాలి మార్కెట్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. రెండువేల ఆరు వేసవి అది. అప్పటికి ఊళ్లో ప్రతి చొక్కా జేబులోకీ ఒక ఫోను చేరింది గనక పనికి కొదవ లేదు. తండ్రి లేడు. తల్లి ముబీనా అదే వీధిలో గాజుల కొట్టు నడుపుతుంది. బాపట్లలో పరుపులు కుట్టే మస్తాన్ గారి అమ్మాయి సుమయాతో అతనికి పెళ్లి కుదిరి రెండు నెలలైంది. ఇంకో పదకొండు రోజుల్లో నికా. ఈ రెండు నెలలూ ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకున్నారు. ఒక్కనాడూ మాటా మాటా అనుకోలేదు. అది సంతోషించాల్సిన విషయమనే రిజ్వాన్ అనుకున్నాడు, మేనమామ సైదావలి వచ్చి బెంగ పెట్టేదాకా.

సైదావలి రేపల్లెలో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. ఇరవై నాలుగేళ్లుగా రోజుకి నాలుగాటల లెక్కన ఇతరుల ప్రేమలు చూస్తున్న మనిషి. ప్రేమ ఎప్పుడు పుడుతుందో, ఎక్కడ చెడుతుందో, మళ్లీ ఎలా అతుకుతుందో తనకు తెలిసినంతగా రేపల్లె తాలూకాలో ఇంకొకరికి తెలియదని ఆయన నమ్మకం. ఈ సంబంధం కుదిర్చింది కూడా ఆయనే. శుక్రవారం ప్రొజెక్టరుకి ఏదో సామాను కొనడానికి తెనాలి వచ్చి, మేనల్లుడి కొట్లో టీ తాగుతూ అడిగాడు.

"తగువు అయిందా?"

"ఎవరితో మామయ్యా?"

"సుమయాతో. ఇంకా అవలేదా?"

"లేదు మామయ్యా. తను చాలా మంచిది."

"మంచిది కాదని ఎవరన్నారు?" సైదావలి టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "చూడు. మొదటి రీల్లో కలుస్తారు. మూడో రీల్లో నవ్వుకుంటారు. ఐదో రీల్లో పాట. ఇంటర్వెల్ దాటాక తొమ్మిదో రీల్లో తగువు. అది లేకుండా పదహారో రీల్లో పెళ్లయిన సినిమా నా చేత్తో ఒక్కటి వెయ్యలా. తగువంటే ఆటలమ్మ లాంటిదిరా. చిన్నప్పుడే పోసిందనుకో, వేపాకు స్నానంతో పోద్ది. వయసు మీరాక పోస్తే మంచం పట్టిస్తది. పెళ్లికి ముందే ఒకటి కానిచ్చుకో."

"మరి నీకూ అత్తకీ?"

"మాకు పెళ్లయిన మూడో రోజు పోసింది. ఇంకా తగ్గలా."

తగువు ఎలా పెట్టుకోవాలో తనకు తెలియదన్నాడు రిజ్వాన్. సైదావలి ధైర్యం చెప్పాడు. కారణం చిన్నది ఉండాలి, మాట పెద్దది ఉండాలి, అంతే. అటునుంచి ఏడుపు వినపడగానే ఫోను పెట్టేయాలి. నాలుగైదు గంటలు అలా వదిలేసి, పూలు పట్టుకుని ఎదురుగా వెళ్లి నిలబడితే ఆ ప్రేమకు ఇక నూరేళ్లూ ఢోకా ఉండదు.

రోజంతా ఆలోచించినా సుమయాలో రిజ్వాన్‌కి తప్పు దొరకలేదు. శనివారం రాత్రి భోజనం చేస్తుంటే ఒకటి తట్టింది. ఆమె ఎప్పుడూ తనంత తాను ఫోను చేసి మాట్లాడదు. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. ఇతనే తిరిగి చేయాలి. కవరు వెనకాల ఆ ముక్క కూడా రాసుకున్నాడు.

ఆదివారం తొమ్మిదింటికి కొట్టు వెనక సందులో నిలబడి ఫోను చేసి, కవరు చూస్తూ చదివాడు. "సుమయా, నువ్వెప్పుడూ మిస్డ్ కాలే ఇస్తావు. మిస్డ్ కాల్ ఇచ్చే మనిషికి బాధ్యత ఉండదు. బాధ్యత లేని మనిషితో సంసారం కుదరదు. ఈ పెళ్లి వద్దు." ఇక ఏడుపు కోసం ఎదురుచూశాడు.

"సరేనండి," అంది సుమయా. ఫోను పెట్టేసింది.

రిజ్వాన్ ఫోను చెవి దగ్గర నుంచి తీసి చూశాడు. తను రోజూ విప్పి బిగించే వస్తువే అయినా, అందులోంచి అలాంటి మాట వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. మళ్లీ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. స్విచాఫ్. మామయ్యకు చేశాడు.

"ఏడ్చిందా?" ఉత్సాహంగా అడిగాడు సైదావలి.

"సరేనండి అంది."

"ఏంటి?"

"సరేనండి అని ఫోన్ పెట్టేసింది మామయ్యా!"

"సరే అని ఎవరూ అనరేరా! ఏడుస్తారు, తిడతారు, వర్షంలో తడుస్తారు. ఇరవై నాలుగేళ్లలో ఒక్క హీరోయినూ సరే అనలా. నువ్వు ఒంటిగంట దాకా ఆగబాక. వెంటనే బాపట్ల పో."

రిజ్వాన్ కొట్టుకి తాళం కూడా సరిగ్గా వేయకుండా స్టేషనుకు పరిగెత్తాడు. తల్లికి చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

అవతల బాపట్లలో సుమయా తన పెళ్లి జాకెట్టుకి హెమ్మింగు చేసుకుంటూ ఉండగా ఆ ఫోను వచ్చింది. ఆమె నిజంగానే సరే అనుకుని సరే అనలేదు. టైలరింగ్ సెంటర్లో ఆమె పక్క మిషను ప్రసన్నలక్ష్మిది. నిజాంపట్నం పిల్ల, తండ్రికి సముద్రం మీద బోటుంది. బాపట్లలో మేనత్త ఇంట్లో ఉండి కుట్టు నేర్చుకుంటోంది. వారానికి రెండు సినిమాలు చూసి, కుట్టు కంటే వాటినే ఎక్కువ శ్రద్ధగా చెబుతుంది. "మగాడు వద్దన్నప్పుడు ఆడది ఏడ్చిందంటే పనైపోయినట్టేనే. సరే అనెయ్యాల. తిరిగి చూడకుండా నడిచెయ్యాల. పాట అయ్యేలోపు పరిగెత్తుకుంటా వస్తాడు," అని ఆమె ఎన్నోసార్లు చెప్పి ఉంది. ఆ క్షణాన సుమయాకు గుర్తొచ్చింది అదొక్కటే. సరేనండి అంది. తిరిగి చూడకూడదు గనక స్విచాఫ్ చేసింది. ఆ తర్వాత జాకెట్టు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పక్క గదిలో నాయనమ్మ ఇమాం బీ చెవులు పాము చెవులు. "ఏంటే ఆ ఏడుపు?"

"పెళ్లి వద్దన్నాడు నాయనమ్మా."

ఇమాం బీ ఒక్క కేక పెట్టింది. వీధి అరుగు మీద కూతురికి పెట్టే పెళ్లి పరుపు కుడుతున్న మస్తాన్ చేతిలో సూది చేతిలోనే ఉండిపోయింది. విషయం విన్నాడు. మెల్లగా లేచాడు. నాలుగు రోజులు కష్టపడి కుట్టిన ఆ పరుపును నడుమ్మీద ఈ చివరి నుంచి ఆ చివరికి కత్తెరతో చీల్చేశాడు. తర్వాత తెనాలి గాజుల కొట్టుకి ఫోను చేశాడు.

"అమ్మా ముబీనా గారూ, మా పిల్లలో మీకేం లోటు కనపడిందండి?"

"లోటేంటి అన్నయ్యగారూ! బంగారం లాంటి పిల్ల. పెళ్లిగాజులు విడిగా తీసి పెడుతున్నా ఇప్పుడే."

"మరి మీవాడు పొద్దున్నే ఫోన్ చేసి పెళ్లి వద్దన్నాడే!"

ముబీనా చేతిలో ఉన్న డజను గాజులూ గచ్చు మీద పడి ముక్కలయ్యాయి. "మావాడా? టీలో పంచదార తక్కువైందని చెప్పడానికే నాలుగు రోజులు ఆలోచిస్తాడండీ వాడు! వాడు పెళ్లి వద్దన్నాడా?"

"పిల్ల ఏడుస్తా కూర్చుంది."

"అయ్యో తల్లీ! వద్దంటే అది ఏమందంట?"

మస్తాన్ అబద్ధం ఆడలేని మనిషి. అదే కొంప ముంచింది. "సరేనండి అందంట."



"సరేనండి అందా?" ముబీనా గొంతు మారిపోయింది. "పెళ్లి వద్దంటే, ఎందుకని ఒక్కమాట అడగలేదా? పోతే పోయాడనుకుందా నా కొడుకు? వద్దంటే సరే అనే పిల్లని నేను ఇంటికి తెచ్చుకుంటున్నానా?"

"వద్దన్నది మీవాడండీ!"

"వాడేదో నోరు జారి అని ఉంటాడు. సరే అనడం నోరు జారడం కాదు మస్తాన్ గారూ. అది మనసులో ఉండి అనడం. అసలు నిశ్చితార్థం నాడే అనుకున్నా. కూరలో గరిటె పెడితే బంగాళాదుంప తప్ప మాంసం తగిలిందా?"

"మా కూరలో దుంపలా? మీరు పెట్టిన చీర ఒక్కసారి తడిపితే బకెట్టు నీళ్లూ ఎర్రగా తిరిగాయి. మేం నోరెత్తామా?"

'అన్నయ్యగారు' పోయి 'మస్తాన్ గారు' వచ్చినంత తొందరగా ఆ సంబంధం మాటల్లోనే తెగిపోయింది. ఉంగరం, చీరలు ఇప్పుడే తెచ్చి గుమ్మంలో పడేస్తానని చెప్పి మస్తాన్ సంచీ పట్టుకుని బయల్దేరాడు. ఆయన తెనాలి వెళ్లే బండి, రిజ్వాన్ బాపట్ల వచ్చే బండి నిడుబ్రోలు దగ్గర ఎదురెదురుగా దాటుకున్నాయి. రిజ్వాన్ ఆ సమయాన స్విచాఫ్ అయిన నంబరుకి యాభయ్యోసారి ఫోను చేస్తున్నాడు. మస్తాన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈసారి చెయ్యబోయే సంబంధం గుంటూరు జిల్లాలోనే ఉండకూడదని నిశ్చయించుకుంటున్నాడు.

కబురు విని పరిగెత్తుకొచ్చిన ప్రసన్నలక్ష్మి చీలిన పరుపునీ, వీధంతా ఎగురుతున్న దూదినీ చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. "ఇంకా రాలేదా అతను? ఎప్పుడో వచ్చెయ్యాలే!"

"పెళ్లే పోయిందే!" అంది సుమయా. "నాన్న ఉంగరం ఇచ్చేయడానికి తెనాలి వెళ్లాడు. అమ్మా అమ్మా అని పిలిచే అత్తగారు నన్నేమందో తెలుసా?"

ఇద్దరూ తర్జనభర్జన పడి, సంబంధం కుదిర్చిన సైదావలినే అడిగేద్దామని చెరుకుపల్లి మీదుగా రేపల్లె పోయే బస్సెక్కారు.

వాళ్లు అటు వెళ్లిన అరగంటకి రిజ్వాన్ ఇటు వచ్చాడు. చేతిలో మల్లెపూలున్నాయి. అరుగు మీద పొట్ట చీలిన పరుపు, దాని పక్కన దూది కొట్టే కర్ర పట్టుకుని ఇమాం బీ.

"వద్దన్నవాడివి పూలు దేనికి తెచ్చావురా? మా ఇంట్లో ఎవరైనా పోయారని చెప్పారా?"

"అది నాటకం నాయనమ్మా! ఊరికే అన్నా. సుమయా ఏది?"

"నాటకమా?" ముసలావిడ కళ్లు పెద్దవయ్యాయి. "నా కొడుకు పరుపు కోసేశాడు. మీ అమ్మ మా కూరలో దుంపలు లెక్కపెట్టింది. ఆ పిల్ల రేపల్లె పోయింది. నువ్వు నాటకం ఆడావా?"

రిజ్వాన్ ఆటలమ్మ దగ్గర నుంచి అంతా చెప్పేశాడు. చెప్పడం పూర్తయ్యేసరికి అతని వీపు మీద కర్ర రెండుసార్లు పడింది. మూడోసారి ఎత్తిన కర్రని ఇమాం బీ మధ్యలోనే ఆపింది.

"దీన్ని నీ మీద అరగదీస్తే మీ మామకి ఏం మిగులుద్ది? పద, రేపల్లె పోదాం."

డెబ్భై ఏళ్ల మనిషి, దూది కర్ర భుజాన వేసుకుని, కాబోయి కాకుండా పోయిన మనవడి పక్కన రేపల్లె బస్సులో కూర్చుంది. కండక్టరు ఆ కర్ర చూసి ఎక్కడికని అడగకుండానే టిక్కెట్లు కొట్టాడు. రిజ్వాన్ మామయ్యకు ముందుగా చెబుదామని ఫోను తీశాడు. పొద్దుటి నుంచి కొట్టిన కాల్స్‌కి బ్యాటరీ అయిపోయి ఫోను చచ్చి ఉంది. తెనాలి మొత్తం ఫోన్లు బతికించే మనిషి ఆ నల్లటి తెర వంక చూస్తూ కూర్చున్నాడు.

తెనాలిలో గాజుల కొట్టు ముందు అప్పటికే జనం మూగారు. కౌంటరుకి ఇవతల మస్తాన్, అవతల ముబీనా. మధ్యలో ఉంగరం డబ్బా, రంగు పోయిన చీర. ముబీనా ఒక పక్క వాదిస్తూనే ఇంకో పక్క తమ్ముడికి ఫోను చేసి, "నువ్వు తెచ్చిన సంబంధం నిలువునా తెగిపోయింది, వచ్చి ముక్కలు ఏరుకో" అని అరిచి పెట్టేసింది.

రేపల్లె హాల్లో అప్పుడు మార్నింగ్ షో నడుస్తోంది. క్యాబిన్లో ప్రొజెక్టరు పక్కన నిలబడి సైదావలి చెమటలు తుడుచుకున్నాడు. తొమ్మిదో రీలు ఇంత దూరం వెళ్లడం ఆయన ఎరగడు. కానీ తెగిపోయిన పెద్దవాళ్లు ఎప్పుడు కలుస్తారో మాత్రం ఆయనకు తెలుసు. పదమూడో రీల్లో. ఆస్పత్రిలో. వెంటనే అక్కకి ఫోను చేశాడు.

"అక్కా! రిజ్వాన్‌కి యాక్సిడెంట్ అయింది. రేపల్లెలోనే ఉన్నాడు. సుమయా, సుమయా అని ఒకటే కలవరింత. మస్తాన్ గారిని కూడా తీసుకుని బయల్దేరు."

ఫోను పెట్టేసి, ఇక అంతా సర్దుకుంటుందని ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు. తలుపు దగ్గర సుమయా, ప్రసన్నలక్ష్మి నిలబడి ఉన్నారు. సుమయా గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది.

"ఉత్తదేనమ్మా! ఉత్తదే!" సైదావలి మంచినీళ్ల కోసం పరిగెత్తాడు. "వాడు గుండ్రాయిలా ఉన్నాడు! పొద్దున అన్నది కూడా ఉత్తదే. నేనే అనమన్నా!"

సుమయా కళ్లు తెరిచి నీళ్లు తాగింది. ఆయన చెప్పినదంతా మొదటి నుంచి చివరిదాకా వింది. చివరికి ఒక్క మాటంది. "మా నాన్నకి గుండె నొప్పి ఉంది బాబాయ్. ఆయన్ని ఎందుకు భయపెట్టారు?"

సైదావలి గాజుల కొట్టుకి తిరిగి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మేనల్లుడికి చేశాడు. పలకలేదు. అంతలో హాల్లో ఈలలు, కేకలు మొదలయ్యాయి. రీలు అయిపోయి తెర తెల్లగా వెలుగుతోంది. చేతికి అందిన రీలు ప్రొజెక్టరుకి ఎక్కించి మీట నొక్కాడు. అది పదో రీలు కాదు, పదహారోది. అంతకు ఒక్క నిమిషం ముందు నీ మొహం చూడనని చెప్పి వెళ్లిపోయిన హీరోయిన్, తెర మీద చంకలో పిల్లాడితో హీరో పక్కన నవ్వుతూ ప్రత్యక్షమైంది. హాల్లో ఈలలు ఆగిపోయాయి. పావుగంటలో శుభం కార్డు పడింది. జనం బిత్తరపోయి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ బయటికి నడిచారు.

"ఎప్పుడు కలిశారంటావ్?" అన్నాడొకాయన మెట్లు దిగుతూ.

"మనం సోడాకి వెళ్లినప్పుడు కలిసుంటారు," అంది ఆయన భార్య.

మేనేజరు వెంకటప్పయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని క్యాబిన్ మెట్లు ఎక్కుతుండగా, ఆయన్ని తోసుకుంటూ రిజ్వాన్, వెనకాల కర్రతో ఇమాం బీ పైకి వెళ్లారు. కర్ర వంక చూసి వెంకటప్పయ్య తన సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చని అక్కడే ఆగిపోయాడు. క్యాబిన్లోంచి సైదావలి ఆర్తనాదం వినిపించింది.

రిజ్వాన్, సుమయా మెట్ల పక్క వరండాలో నిలబడ్డారు. నిశ్చితార్థం తర్వాత ఎదురెదురుగా చూసుకోవడం అదే మొదలు. రిజ్వాన్ చేతిలో మల్లెపూలు బస్సులో నలిగి పచ్చడైపోయాయి.

"నువ్వు సరే అంటావనుకోలా," అన్నాడు.

"ప్రసన్న చెప్పింది. సరే అంటే మీరు పరిగెత్తుకొస్తారని."

"వచ్చాగా."

సుమయాకి నవ్వొచ్చింది. తల వంచుకుంది. "మిస్డ్ కాల్స్ మొదట్లో బ్యాలెన్స్ లేక ఇచ్చేదాన్ని. తర్వాత బ్యాలెన్స్ ఉన్నా అలాగే ఇచ్చా. రింగు ఆగీ ఆగకముందే మీరు చేసేవాళ్లు. కొట్లో ఎంతమంది ఉన్నా చేసేవాళ్లు. అది నాకు బాగుండేది."

రిజ్వాన్ మనసు కరిగి నీరైపోయింది. ఆ నీటిలో బుద్ధి కూడా కొట్టుకుపోయింది. "ఆ ముక్క ముందే చెప్పుంటే వేరే కారణం వెతుక్కునేవాణ్ణి కదా!" అన్నాడు.

సుమయా తలెత్తింది. "వేరే కారణం వెతుక్కునేవాళ్లా?"

"అంటే... అది కాదు. నువ్వు ఏడుస్తావనుకున్నా. ఏడిస్తే చాలు, వెంటనే..."

"నేను ఏడవాలని ఫోన్ చేశారా?"

అంతవరకూ రిజ్వాన్‌కి ఆ పనిని అలా చూడాలని తోచలేదు. మామయ్య చెప్పినప్పుడు అది తగువు, కవరు మీద రాసుకున్నప్పుడు అది టైము. సుమయా కళ్లలోకి చూస్తూ విన్నప్పుడు మాత్రం అది ఇంకేదోలా ఉంది.

"నాయనమ్మకి తెలియకూడదని జాకెట్టు నోట్లో కుక్కుకుని ఏడ్చా," అంది సుమయా. "మీకు వినపడలేదంతే. మీతో ఇంక మాట్లాడను. ఇది ఎవరూ చెప్పమన్నది కాదు. నేనే చెప్తున్నా."

ఆ సమయానికి తెనాలి నుంచి మాట్లాడుకొచ్చిన కారు హాలు ముందు ఆగింది. ముబీనా, మస్తాన్ ముందు ఆస్పత్రికే వెళ్లారు. అక్కడ మంచం మంచం వెతికి, రిజ్వాన్ అనే మనిషి రాలేదని నర్సమ్మ చెబితే, ఏం వినాల్సి వస్తుందోనని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని హాలుకి వచ్చారు. దారి పొడుగునా ముబీనా ఏడుస్తూనే ఉంది. మస్తాన్ ఓదారుస్తూనే ఉన్నాడు. "ఊరుకోమ్మా చెల్లెమ్మా. మన పిల్లాడికి ఏం కాదు. కూరలో దుంపలు ఎక్కువే పడ్డాయి, ఒప్పుకుంటున్నా. ఆ పాపం మన పిల్లాడికి తగలకూడదు," అని ఆయన తెనాలి పొలిమేర దాటకముందే అనేశాడు. "చీర నేను తొందర్లో కొన్నా అన్నయ్యగారూ, రంగు గమనించలా," అని ముబీనా వెక్కుతూ చెప్పింది.

మెట్లెక్కి వచ్చేసరికి వరండాలో రిజ్వాన్ నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. చేతిలో పూలు కూడా ఉన్నాయి. ముబీనా కాసేపు కొడుకుని పై నుంచి కింది దాకా చూసింది. దగ్గరికొచ్చి కాళ్లూ చేతులూ తడిమింది. అన్నీ ఉన్నాయని తేలాక చెంప ఛెళ్లుమనిపించింది. తర్వాత వాటేసుకుని భోరుమంది. మస్తాన్ అక్కడే ఉన్న కుర్చీలో కూలబడి, "బతికే ఉన్నాడు, బతికే ఉన్నాడు," అని గోడకి చెప్పుకున్నాడు.

యాక్సిడెంట్ ఎవరి సృష్టో తెలిసిన మీదట ఇద్దరూ కలిసి క్యాబిన్ లోపలికి వెళ్లారు. ఇమాం బీ అలిసిపోయి ఇచ్చిన కర్రని మస్తాన్ అందుకున్నాడు. తమ్ముడు పారిపోకుండా ముబీనా తలుపుకి అడ్డంగా నిలబడింది. రెండు కుటుంబాలూ ఏకమై ఒకే పని ఇంత ఐకమత్యంగా చేయడం సంబంధం కుదిరాక అదే మొదటిసారి. బయటికొచ్చేటప్పుడు మస్తాన్, హడావిడిలో కారులో తనతోనే తెచ్చేసిన ఉంగరం డబ్బా తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్లి పరుపు కుట్టుకోవాలి చెల్లెమ్మా. పట్టుమని పది రోజులు కూడా లేదు," అన్నాడు.

"కూర సంగతి మీరేం పెట్టుకోకండి అన్నయ్యగారూ. దుంపలైనా మాకు ఇష్టమే," అంది ముబీనా.

అప్పుడు గమనించారు. రిజ్వాన్ ఒక మూల, సుమయా ఇంకో మూల. ఇద్దరి మొహాలూ చెరో గోడ వైపు.

"ఏంటే?" అంది ఇమాం బీ.

"నేను ఈయనతో మాట్లాడను నాయనమ్మా."

ఇది కూడా ఉత్తదేనా అన్నట్టు మస్తాన్ కూతురి మొహంలోకి పరీక్షగా చూశాడు. ఉత్తది కాదు. అది ఎవరికైనా తెలుస్తూనే ఉంది. తెరిచిన క్యాబిన్ తలుపులోంచి ఏదో సలహా చెప్పబోయిన సైదావలిని వెంకటప్పయ్య నోరు మూసి లోపలికి లాక్కుపోయాడు.

ఇమాం బీ మనవరాలి దగ్గరికి వెళ్లింది. గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "నా కళ్లలోకి చూసి చెప్పు. పెళ్లి వద్దా?"

సుమయా చాలాసేపు ఆలోచించింది. ఆ రోజు రిజ్వాన్‌కి తగిలిన దెబ్బలన్నిటిలోకీ అదే గట్టిది.

"పెళ్లి వద్దనలేదు," అంది చివరికి. "మాట్లాడనన్నా, అంతే."

"మాట్లాడకుండా ఉండాలన్నా ఇద్దరూ ఒక ఇంట్లో ఉండాలిగా," అంది ఇమాం బీ. "నీకొక ఊరూ అతనికొక ఊరూ అయితే, నువ్వు మాట్లాడట్లేదని అతనికెట్టా తెలుసుద్ది? కానివ్వండి. అనుకున్న రోజుకే నికా."

నికా అనుకున్న రోజునే బాపట్లలో జరిగింది. ఖాజీగారు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ సుమయా స్పష్టంగా ఒప్పుకుంది. రిజ్వాన్ వంక మాత్రం చూడలేదు. పెళ్లికొడుకు ఒంచిన తల ఎత్తలేదు. ఈ కాలంలో కూడా ఇంత సిగ్గు ఉన్న జంటని చూడలేదని చుట్టాలంతా తెగ ముచ్చటపడ్డారు.

మాటలు పెళ్లయిన నాలుగో రోజున మొదలయ్యాయి. ముందు ఎవరు పలకరించారన్నది మాత్రం ఆ ఇంట్లో ఇంకా తేలలేదు.